ముందు ఏం కనిపించిందో చెప్పండి

మా ఫోటోల జట్టులో ఒక విషయం దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. ఎవరైనా ఫోటో తెచ్చి టేబుల్ మీద పెడితే, కాసేపటి వరకు "సూపర్" అనకూడదు. "ఏం బాగలేదు" అని కూడా అనకూడదు. ఆ ఫోటోలో కంటికి ఏం కనిపిస్తోందో అదే చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని చాదస్తం అనుకుంటారు. కొన్ని వారాలు వచ్చాక వాళ్ళే ఇంకొకరిని ఆపుతారు.

జట్టు అంటే పెద్దదేం కాదు. ఆదివారం సాయంత్రం మా కళ్ళజోళ్ళ షాపు షట్టర్ దించేశాక వెనక గదిలో కూర్చుంటాం. ఆటో నడిపే తమ్ముడు, యూనివర్సిటీలో పీజీ చదివే పాప, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన సార్, డీటీపీ సెంటర్ పెట్టుకున్న అన్న, ఇంకా వచ్చీపోయేవాళ్ళు కొందరు. మాలో ఎవరూ ఫోటోల మీద బతికేవాళ్ళు కాదు. సార్ దగ్గర చేతికి బరువైన లెన్సు ఉంది. తమ్ముడి దగ్గర ఫోను తప్ప ఇంకేమీ లేదు. ఎవరి దగ్గర ఏమున్నా, మనిషికి ఒక్క ఫోటోనే తేవాలి. పది తెస్తే తొమ్మిదింటి మీద చూపు నిలవదు. వీలైతే ప్రింటు తీయించుకుని రమ్మంటాం. ఫోనులో అయితే చెయ్యి ఊరుకోదు, వేలు పక్కకి జరిపేస్తుంది. ముందుగా పంపించేవాళ్ళని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమంటాం. మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది, ఆ మసక తీసినవాళ్ళ చెయ్యి వణకడం వల్ల వచ్చిందో, పంపడంలో వచ్చిందో చూసేవాళ్ళకి తెలియదు. తెలియకుండా ఫోకస్ పోయింది అని మాట విసిరితే అది అన్యాయం కదా.

"సూపర్ అన్నా" అనే మాట మీద నాకు కోపమేమీ లేదు. ఇష్టంతోనే అంటారు. కానీ ఆ మాట అన్నవాళ్ళకి ఖర్చు లేదు, విన్నవాళ్ళకి లాభం లేదు. దేన్ని చూసి సూపర్ అన్నారో తెలిస్తే కదా, రెండోసారి దాన్ని నిలబెట్టుకోవడానికి! "ఇట్లనా తీసేది?" అనే మాట ఇంకో రకం. అది విన్న మనిషి మళ్ళీ ఫోటో బయటికి తీయడు. ఈ రెండు మాటల్లోనూ ఒకటే లోపం ఉంది: ఫోటోలో ఎక్కడ అని లేదు.

మా షాపులో కంటి పరీక్షకి కూర్చున్న మనిషిని "మీ చూపు బాగుందా" అని అడగం. "ఆ కింది వరసలో ఏ అక్షరం కనిపిస్తోందమ్మా" అని అడుగుతాం. చూపు ఎట్లుందో ఆ జవాబులోనే తెలిసిపోతుంది. ఫోటో దగ్గర కూడా నేను అడిగేది అదే.

ఒక ఫోటో సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే మా పద్ధతంతా అందులో ఉంది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. తిరుపతి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు వేషాలు మార్చుకుని తిరిగిందని కథ. అందుకే జాతర రోజుల్లో మొక్కుకున్నవాళ్ళు రోజుకొక వేషం కడతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... మగవాళ్ళు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని గుడికి పోతారు. వీధి వీధంతా రంగు. కెమెరా ఉన్న ప్రతివాళ్ళూ బయటికి వస్తారు.

ఆటో తమ్ముడు బైరాగి వేషం ఫోటో తెచ్చాడు. ప్రింటు టేబుల్ మీద పెట్టాడు. నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు.

మొదట పాప చెప్పింది: "నడి ఎండ. ఒక పెద్దాయన. ఒంటినిండా తెల్లగా పూసుకున్నాడు. మెడలో కాయల దండ." సార్ చెప్పారు: "వెనక బైకు ఉంది. సెల్‌ఫోన్ షాపు బోర్డు ఉంది." డీటీపీ అన్న చెప్పాడు: "ఎడమ పక్క ఎవరిదో సగం చెయ్యి. ఆ చేతిలో ఫోను." నేను అడిగాను: "ఎవరి కన్ను ముందు యాడికి పోయింది?" ముగ్గురూ బోర్డు అన్నారు. నాకూ అంతే. ఎర్ర అక్షరాలు, తెల్ల బోర్డు. ఫోటోలో అక్షరాలు ఉంటే మన కన్ను చదవకుండా ఉండలేదు, అందులోనూ ఎరుపు.

తమ్ముడు ప్రింటు చేతికి తీసుకుని చూసి, "నేను ఆ బోర్డు చూడనే లేదక్కా" అన్నాడు. అబద్ధం కాదు. తీసేటప్పుడు మనిషి మీదే ధ్యాస ఉంటుంది, వెనకున్నది మనసు తీసేస్తుంది. కెమెరా తీసేయదు.

"నీకు ఏం చూపించాలని ఉండింది నాయనా?"

"ఆయన కండ్లక్కా. అంత ఎండలో రెప్ప కొట్టకుండా నిలబడినాడు. జనం తోసుకుంటా ఉండారు, ఆయనకి పట్టనే లేదు."

అప్పుడు అందరం మళ్ళీ ఫోటోలోకి వంగి ఆ కళ్ళు వెతికాం. ఉన్నాయి, కనుబొమల నీడలో. నడి ఎండ నెత్తి మీద నుంచి పడితే కళ్ళగుంటలు నల్లబడతాయి. పైగా ఒళ్ళు తెల్లగా ఉండాల్సింది బూడిద రంగుకి తిరిగింది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన సంగతి ఉంది. కెమెరాకి తెలుపు తెలియదు, నలుపు తెలియదు. ఎదురుగా ఏమున్నా అది మధ్యరకం బూడిద రంగే అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. ఫ్రేము నిండా తెలుపు ఉంటే, అమ్మో వెలుతురు ఎక్కువైంది అని తగ్గించేస్తుంది. తెలుపు మురికి పడుతుంది. పాప అంతకుముందు తెచ్చిన తోటి వేషం ఫోటోలో ఇదే తిరగబడింది. ఒంటికి బొగ్గు పూసుకున్న మనిషి దగ్గరగా ఉన్నాడు, కెమెరా వెలుతురు పెంచేసింది, బొగ్గు నలుపు పోయి సిమెంటు రంగు వచ్చింది. ఫోన్లకి ఇప్పుడు తెలివి పెరిగినా ఈ గుణం పూర్తిగా పోలేదు. కాబట్టి బైరాగి దగ్గర వెలుతురు కాస్త పెంచాలి, తోటి దగ్గర కాస్త తగ్గించాలి. ఫోనులో అయితే మొహం మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకో కిందికో జరపాలి. మరీ పైకి జరిపితే పూత మీది పగుళ్ళు, చెమట చారలు కనిపించకుండా ఒకటే తెలుపు అయిపోతుంది, అది కూడా వద్దు.

ఇవన్నీ చెప్పాక కూడా తమ్ముడికి చేతిలో ఏమీ పెట్టలేదు మేము. లోపాలు తెలిశాయి, అంతే. అప్పుడు సార్ ఒక కాగితం మీద ఆ వీధి గీశారు. "నువ్వు ఇక్కడ నిలబడినావు కదా. కుడి పక్కకి రెండడుగులు వేసుంటే బోర్డు ఆయన భుజం వెనక్కి పోయేది. ఆ సందు మొదట్లో గోడ ఉంది, నీలం సున్నం. అక్కడ నీడ కూడా వస్తుంది. వేషం కట్టినవాళ్ళు ఆ సందు ముందర నుంచే పోతారు. నువ్వు అక్కడ ముందే పోయి నిలబడు, వాళ్ళు నీ దగ్గరికి వస్తారు." నేను కలిపింది ఒకటే: ఫోనులో జూమ్ చేయకుండా ఒక అడుగు దగ్గరికి వెళ్ళు, వెళ్ళే ముందు ఆయన్ని కన్నులతోనైనా అడుగు. వేషం మొక్కు. మనకోసం కట్టింది కాదు. ఆయన తల అడ్డంగా ఊపితే ఫోను దించేయాలి. ఎంత మంచి వెలుతురు ఉన్నా సరే.

నాకు ఆ కాగితం మీద గీసిన వీధి చాలా ఇష్టం. తమ్ముడు దాన్ని మడిచి ఫోను కవర్లో పెట్టుకున్నాడు. ఫోటో గురించి మనం చెప్పే మాటకి ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు పోవాలో తోడైతే, విన్నవాళ్ళు చెప్పులేసుకుని పోగలుగుతారు. "కంపోజిషన్ ఇంకొంచెం చూసుకో" అంటే ఎక్కడికి పోవాలి పాపం?

ఊళ్ళోవాళ్ళం ఊళ్ళోవాళ్ళకి చెప్పుకోవడంలో ఉన్న బలం ఇదే. మేమందరం అవే చోట్లు తీస్తాం. కపిల తీర్థం, అలిపిరి, చంద్రగిరి కోట, తిరుచానూరు కోనేరు, కాళహస్తి దగ్గర స్వర్ణముఖి. ఒకరు తీసిన ఫోటోకి ఇంకొకరి దగ్గర జవాబు ఉంటుంది, ఎందుకంటే ఆ చోట వాళ్ళూ నిలబడి ఉంటారు.

కొండ సంగతే తీసుకోండి. మేడ మీద నుంచి శేషాచలం తీయని ఫోటోగ్రాఫర్ తిరుపతిలో ఉండడు. ఫోటో తెచ్చి "కొండ చప్పగా వచ్చిందక్కా, ఎడిటింగ్‌లో ఏం చేయాల" అంటారు. నేను ముందు అడిగేది ఏ నెలలో తీశావని. మన ఊరికి కొండ ఉత్తరాన ఉంది. ఏ మేడ ఎక్కినా మనకి కనిపించేది దాని దక్షిణపు మొహం. డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణంగా ఒరిగి తిరుగుతాడు కాబట్టి పొద్దున, సాయంత్రం ఆ మొహం మీద పక్క నుంచి ఎండ పడుతుంది. రాతి పగుళ్ళు, మడతలు, మధ్యలో పొదలు, అన్నీ లేచి నిలబడతాయి. మే, జూన్ నెలల్లో సూర్యుడు ఉదయించేదే ఈశాన్యం వైపు. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ నెలల్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు మన నెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఎండ ఊరినంతా మాడుస్తుంది, కొండ మొహానికి మాత్రం సరిగా అందదు. దీనికి ఎడిటింగ్ మందు కాదు. "సంక్రాంతి ముందర పొద్దున ఏడింటికి ఎక్కు" అని చెప్తే చాలు. సాచురేషన్, అంటే రంగుల గాఢత, గుంజి గుంజి కొండని ఆకుపచ్చగా చేసేవాళ్ళకి కూడా ఇదే చెప్తాను. శేషాచలం రాయిలో ఎర్రదనం ఉంది, సాయంత్రం ఎండకి అది బయటపడుతుంది. మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్న కొండ అది, దాని రంగు మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

అడగకుండా చెప్పడంలో ఇంకో ప్రమాదం ఉంది. పాప ఒకసారి తలకోన ఫోటో తెచ్చింది. 270 అడుగుల జలపాతం, అందరూ నీళ్ళని పట్టు చీరలాగా జారేటట్టు తీస్తారు. కెమెరాలో వెలుతురుని లోపలికి వదిలే తెర, అదే షట్టర్, దాన్ని అర సెకనో, సెకనో తెరిచి ఉంచితే అట్లా వస్తుంది. పగటి వెలుతురు ఎక్కువ కాబట్టి లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లద్దం పెట్టాలి, కెమెరా కదలకుండా స్టాండు వేయాలి. పాప తెచ్చిన ఫోటోలో నీళ్ళు అట్లా లేవు. చుక్క చుక్కా విడిగా, గాజు పెంకుల్లా గాల్లో ఆగిపోయి ఉంది. కింద ఒక ముసలమ్మ నీళ్ళకి వీపు పెట్టి నిలబడి ఉంది. వచ్చీపోయేవాళ్ళలో ఒకాయన చూసీ చూడగానే "షట్టర్ స్పీడు తప్పు పెట్టినావమ్మా, స్లో పెట్టాల్సింది" అన్నాడు. ఆయనకి విషయం తెలుసు. పాప ఫోటో మాత్రం ఆయన చూడలేదు.

"మా అవ్వ సార్. నీళ్ళు ఎట్ల కొడతా ఉండాయో చూపించాలనుకున్నా. రాళ్ళు పడినట్టుంది అనింది అవ్వ" అంది పాప.

సెకనులో ఐదొందలో వంతు షట్టర్. ఆ దెబ్బ కనిపించాలంటే అదే సరి. అక్కడ నీళ్ళు మెత్తగా జారితే అవ్వ మాట అబద్ధమయ్యేది.

లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు 1990లో ఒక పద్ధతి తయారు చేసింది. డాన్సు కోసం పుట్టినా తర్వాత వేరే కళలవాళ్ళూ అందుకున్నారు. అందులో ముందు చూసినవాళ్ళు తమకి ఏది తాకిందో, ఏది గుర్తుండిపోయేలా ఉందో చెప్తారు. ఆ తర్వాత చేసినవాళ్ళు తమకున్న సందేహాలు అడుగుతారు. మూడోసారి చూసినవాళ్ళు ప్రశ్నలు వేస్తారు, కానీ అందులో అభిప్రాయం దాచకూడదు. చివరికి "ఈ విషయం మీద నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా" అని అనుమతి అడిగి, సరే అంటేనే చెప్తారు. మేము ఇదంతా వరస తప్పకుండా పాటించం. అంత ఓపిక ఆదివారం సాయంత్రానికి ఉండదు. అయినా అందులో మూడోది నాకు బాగా పనికొచ్చింది. "ఇంత చీకటిగా ఎందుకు తీసినావు?" అనేది ప్రశ్నలాగా కనిపించే తీర్పు. "వెలుతురు ఎంత ఉండాలని అనుకున్నావు?" అంటే నిజంగా అడిగినట్టు. జవాబు వినే ఉద్దేశం ఉన్నప్పుడే రెండోది నోటికొస్తుంది.

పెద్దవాళ్ళకి చెప్పడం మాకు ఇంకో కష్టం. ఉత్తరాది వాళ్ళ సంగతి, పరాయి దేశాల సంగతి నాకు తెలియదు కానీ, మన దగ్గర ఇరవై రెండేళ్ళ పిల్ల అరవై దాటిన మనిషి ఫోటోకి వంక చెప్పాలంటే నాలుక తడారిపోతుంది. సార్ నేలపట్టు పోయి గూడబాతుల ఫోటోలు తీసుకుని వస్తారు. సూళ్ళూరుపేట దగ్గర ఆ చెరువులో నీళ్ళ మధ్య చెట్ల మీద అవి గూళ్ళు కడతాయి, చలికాలమంతా పిల్లల్ని సాకుతాయి. సార్‌కి అది తీర్థయాత్ర. ఒకసారి గూడబాతు కొమ్మ మీద దిగుతున్న ఫోటో తెచ్చారు. రెక్కలు బార్లా చాపి, కాళ్ళు ముందుకు పెట్టి... ఎంత కష్టపడితే దొరుకుతుందో మాకందరికీ తెలుసు. అందరం ఊరుకున్నాం.

పాప మెల్లగా అంది: "సార్, నేను చూసింది చెప్తాను. దాని కన్ను కంటే ఆ వెనక కొమ్మ మీద ఆకుల ఈనెలు బాగా కనిపిస్తా ఉండాయి. రెక్క కొస కొంచెం చెదిరినట్టుంది."

సార్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ప్రింటు లైటు కిందికి జరుపుకుని చాలాసేపు చూశారు. "అవునమ్మా. ఫోకస్ కొమ్మ పట్టుకునింది" అన్నారు. తర్వాత ఆయనే అడిగారు, షట్టర్ ఎంత పెట్టుండాలి అని. డీటీపీ అన్న సెకనులో వెయ్యో వంతు, ఇంకా వేగంగా అయినా మంచిదే అన్నాడు. ఫోకస్‌ని ఫ్రేమంతా వదిలేయకుండా ఒక్క చుక్కకి కుదించి దాన్ని పక్షి తల మీద ఉంచితే కొమ్మల వైపు జారదు అని పాప చెప్పింది. షట్టర్ అంత వేగంగా పెడితే ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే గుణం, పెంచాల్సి వచ్చి ఫోటోలో గరుకు వస్తుందని సార్ అంటే, గరుకు ఉన్న కన్ను చూడగలం కానీ మసక కన్ను చూడలేం కదా సార్ అంది. ఆ గంటంతా మర్యాద ఎక్కడా తగ్గలేదు. "తప్పు చేశారు" అనాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే కొమ్మ అక్కడుంది, కన్ను ఇక్కడుంది, ఎవరు చూసినా ఒకటే.

లోపానికీ ఇష్టానికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. కన్ను మసగ్గా ఉంది అన్నది అందరికీ కనిపించే సంగతి. "నేనైతే బ్లాక్ అండ్ వైట్ చేసేదాన్ని" అన్నది నా ఇష్టం. నా ఇష్టాన్ని కూడా చెప్పొచ్చు, కానీ అది నాదని చెప్పి చెప్పాలి. చాలామంది దగ్గర ఈ రెండూ కలిసిపోతాయి. తమకి నచ్చని రంగుని తప్పు అంటారు, తాము వాడని లెన్సుని తప్పు అంటారు. కెమెరా మార్చమని సలహా ఇవ్వడం మా జట్టులో పూర్తిగా బంద్. తమ్ముడు ఆటో కిస్తీ కట్టుకుంటూ ఫోటోలు తీస్తున్నాడు. అతని చేతిలో ఉన్న ఫోనుతో ఏం చేయవచ్చో చెప్పగలిగితే చెప్పాలి, లేదంటే టీ తాగాలి.

ఇంకో మాట. ఎవరైనా అమ్మాయి ఫోటో తెస్తే "అమ్మాయి బాగుంది" అనేది ఫోటో గురించిన మాట కాదు. లావు, సన్నం, రంగు, ఇవేవీ కాదు. కంటిలో వెలుతురు చుక్క పడిందా, చేతులు సహజంగా ఉన్నాయా, వెనక స్తంభం తలలోంచి మొలిచినట్టు ఉందా, ఇవి ఫోటో గురించిన మాటలు. ఈ గదిలో నేను ఈ విషయంలో ఎవరినీ ఉపేక్షించను, పెద్దాచిన్నా చూడను. కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్పేస్తాను.

ఫోటో తెచ్చినవాళ్ళు కూడా ఒకటి పాటించాలి. ముందుగా కథ చెప్పకూడదు. "ఇది తీయడానికి తెల్లవారుజామున మూడింటికి లేచాను" అని మొదలుపెడితే చూసేవాళ్ళు మొహమాటపడి ఆ కష్టాన్ని మెచ్చుకుంటారు, ఫోటోని చూడరు. అవ్వ సంగతి ముందే తెలిసుంటే మేమంతా అవ్వనే చూసేవాళ్ళం. కథ తర్వాత చెప్పు, వింటాం. తప్పకుండా వింటాం.

క్రాప్ చేయమని, అంటే అంచులు కోసేయమని, ఎడిట్ చేయమని చెప్పేటప్పుడు చాలామంది నొచ్చుకుంటారు, తీసింది తీసినట్టే ఉండాలంటారు. వాళ్ళకి నేను రెండు సంగతులు చెప్తాను. క్రాప్ చేయడం ఇష్టపడని ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్ 1932లో పారిస్ స్టేషను వెనక నీటి మడుగు మీదుగా దూకే మనిషిని తీశాడు. కంచె సందులోంచి తీయడం వల్ల పక్కన అడ్డం వచ్చింది. ఆ భాగం కోసేసిన ఫోటోనే ఈరోజు ప్రపంచమంతా చూస్తోంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో ఒక పల్లె మీద చంద్రోదయం తీశాడు. అదే నెగటివ్ నుంచి తర్వాత దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూ పోయాడు, తొలి ప్రింట్లకంటే తర్వాతి వాటిలో ఆకాశం బాగా నల్లబడింది. అంత పెద్దవాళ్ళే ఒకసారి తీసినదాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. కాబట్టి "ఎడమ పక్క ఆ సగం చెయ్యి తీసేస్తే ఎట్లుంటుంది" అని అడగడంలో అవమానం లేదు. ఒక తెల్ల కాగితం ముక్క తీసుకుని ప్రింటు మీద ఆ చెయ్యి కప్పి చూపిస్తే ఇంకా మంచిది. మాటతో ఒప్పుకోని మనిషి కళ్ళతో ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోయినా పర్వాలేదు, కాగితం తీసేస్తే ఫోటో ఎప్పటిలాగే ఉంటుంది.

అయితే ఎక్కడి వరకు తీసేయవచ్చు అనే దాని మీద మా మధ్య ఇంకా తేలలేదు. డీటీపీ అన్న పోయిన వారం గోవిందరాజ స్వామి గుడి గోపురం తెచ్చాడు. ఏడంతస్తుల గోపురం, సాయంత్రపు ఎండ, కింద పూలబండి. ఎదురుగా మూడు కరెంటు తీగలు అడ్డంగా పోతున్నాయి. తీగలు కనిపిస్తున్నాయని అందరూ చెప్పాం. అన్న నవ్వి, ఫోనులోనే వేలితో రుద్ది ఒక్క క్షణంలో తీగలు మాయం చేసి చూపించాడు. సార్‌కి బాగా నచ్చింది. పూజగదిలో పెట్టుకుంటాను, ఒక ప్రింటు ఇవ్వమన్నారు. పాప ఒప్పుకోలేదు: "ఆ వీధిలో తీగలు ఉండాయి కదన్నా, లేవని ఎట్ల చూపిస్తాం?" కాసేపు వాదన గట్టిగానే నడిచింది.

నేను చెప్పింది ఏమంటే, పూజగదికి అయితే తీసేసినా ఎవరికీ నష్టం లేదు. ఆ వీధి ఫోటో అని చూపించేటప్పుడు మాత్రం తీగలు ఉండాలి, తీసేసి ఉంటే తీసేశానని నోటితో చెప్పాలి. తీగలు అడ్డమని అనిపిస్తే రుద్దడానికి ముందు ఇంకో దారి ఉంది కదా అని అడిగాను. పూలబండి అవతలికి పోయి, కింద కూర్చుని పైకి తీస్తే తీగలు గోపురం మీద పడకుండా ఆకాశంలోకి పోవచ్చు. నేను అక్కడ అట్లా కూర్చుని చూసినదాన్నే. అన్న గడ్డం గోక్కుని, "ఆ బండి ఆమె నాకు తెలుసులే, రెండు నిమిషాలు పక్కకి జరపమంటే జరుపుతుంది" అన్నాడు. బండి జరిపితే మళ్ళీ అది ఆ వీధి ఫోటో ఎట్లవుతుందని పాప అందుకుంది. వచ్చే ఆదివారం తీగలున్నది, రుద్దినది, కింద కూర్చుని తీసినది మూడూ తెమ్మన్నాం. మనిషికి ఒక్క ఫోటో అనే నియమం అన్నకి ఆ ఒక్క వారం లేదు.